తాళంచెవి మేడమ్

మూడో ఫోన్ లైను దీపం వెలుగుతూనే ఉంది. రేడియో కార్యక్రమం మొదలవకముందు నుంచీ వెలుగుతోంది. అది ఆరిపోతే బాగుండునని ఆమె మైకు ముందుకు లాక్కుంటూ అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్ళీ అదే అనుకుంది. అద్దం అవతల కూర్చుని కాల్స్ తీసుకునే అమ్మాయి ఎవరేమిటో టైపు చేస్తే, ఇవతల ఆమె ముందున్న తెర మీద పడుతుంది. ఒకటో లైను: ఇన్సూరెన్స్ ఉద్యోగి, చాలా కంపెనీల షేర్లున్నాయట. రెండో లైను: టైలరమ్మ, ధర పడింది, ఇంకా కొనాలా. నాలుగు: స్కూలు మాస్టారు, నిద్ర పట్టడం లేదు. మూడో లైను: రిటైరైన లిఫ్ట్ ఆపరేటర్, తాళంచెవి మనిషినని చెబితే మేడమ్‌కి తెలుస్తుందన్నారు, ఎంతసేపైనా ఉంటానన్నారు. తెలుసు. మేడమ్‌కి బాగా తెలుసు. ఎర్రదీపం వెలిగింది, సిగ్నేచర్ ట్యూన్ తగ్గింది, ఆమె గొంతు తనంతట తనే నవ్వుతూ బయటికొచ్చింది. "మీ షేర్లు, మీ ప్రశ్నలు... నమస్కారం." గొంతుకి ఒంట్లో జరిగేవేవీ తెలియవు. గొంతు ఉద్యోగం గొంతుది.

ప్రొడ్యూసర్ హెడ్‌ఫోన్స్‌లోకి వచ్చాడు. "అమ్మాయ్, మూడో లైను ఎవరో చూశావా? మన ప్రకటన మనిషి! ఆయన్ని ఆఖర్న వేద్దాం, ముగింపు అదిరిపోతుంది." అద్దం వెనక నుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆమె కూడా ఎత్తింది. ఆఖర్న అంటే ఇంకా గంట. గంటసేపు ఆ మనిషి ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుంటాడు, కుర్చీలోనో మంచం మీదో. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తగ్గిందో లేదో. ఆయనుండే బిల్డింగులో లిఫ్ట్ లేదు. ఆ సంగతి ఆయనే చెప్పాడు, ఇదే కార్యక్రమంలో. అప్పుడు ఆమె పడీపడీ నవ్వింది.

"నా దగ్గర ముప్పై పైచిలుకు కంపెనీలున్నాయి మేడమ్," అంటున్నాడు ఇన్సూరెన్స్ ఉద్యోగి. "ఎవరేం చెప్తే అది కొనేశా. ఎన్ని ఉండాలంటారు?" ఆమె చెబుతోంది, ఎన్నింటి గురించి మీరు కూర్చుని చదవగలరో అన్నే ఉండాలి, పేర్లు గుర్తులేనన్ని ఉంటే అవి మీవి కావు, సంతలో జనం. అవతల అతను నవ్వాడు. బాగా చెప్పావు అన్నట్టు ప్రొడ్యూసర్ తలూపాడు. మరి ఒక్కటే ఉన్నవాడి మాటేమిటి? ఒక్కటంటే ఒక్కటే, పైపులు చేసే కంపెనీ, పని చేసినంత కాలం దాచుకున్నదంతా అందులోనే. అలాంటివాడు అడిగినప్పుడు ఏం చెప్పాలో ఆమెకి అప్పుడూ తెలుసు. ఇదివరకు పనిచేసిన షేర్ బ్రోకర్ ఆఫీసులో కౌంటర్ దగ్గర నిలబడి అదే మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు: అన్నీ ఒకేచోట పెట్టకండి సార్, సగం తీసెయ్యండి సార్. అక్కడ జీతం తక్కువ, మాట నిజం. ఇక్కడ కుర్చీ మెత్తగా ఉంటుంది, తిరుగుతుంది కూడా.

అసలు తప్పు చిలకది. కాదు, చిలకది కాదు. చిలకంటే సౌండ్ ఇంజినీరు బావమరిది, ఏ గొంతైనా పలుకుతాడు కాబట్టి ఆ పేరు. ముసలి గొంతు, పిసినారి గొంతు, ముక్కుతో మాట్లాడే కోడలి గొంతు. లైవ్ మొదలైన మొదటి నిమిషాల్లో జనం ఫోన్ చెయ్యరు, సిగ్గు, ఎవరో ఒకరు ముందు అడగాలి. అందుకని మొదటి కాల్ ఎప్పుడూ చిలకదే. అది ఈ స్టేషన్‌లో అందరికీ తెలిసిన ఏర్పాటు, దాన్నెవరూ మోసమనరు, పొయ్యి వెలిగించడానికి అగ్గిపుల్ల అంటారు. చిలక ఏ వేషంలో వస్తాడో ఆమెకి ముందుగా చెప్పడు, చెబితే నవ్వు సహజంగా రాదట. ఆ రోజు మొదటి కాల్ కలవగానే వణికే గొంతు ఒకటి, "అమ్మా, నేను ఆస్పత్రిలో లిఫ్ట్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను, షేరు పైకెళ్తుందా కిందికొస్తుందా అని అడుగుదామని..." అంది. ఆమె ఇక ఆగలేకపోయింది. లిఫ్ట్ మనిషి వచ్చి పైకా కిందికా అని అడగడం! చిలక ఈసారి బుర్ర బాగా వాడాడనుకుంది. ఆ వణుకు ఎంత బాగా కుదిరిందో! "మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ," అంది. ఆయన కూడా నవ్వాడు, మొహమాటంగా. దాచుకున్నదంతా ఆ పైపుల షేర్లేనని, మోకాళ్ళు పోయాయని, నాలుగో అంతస్తులో గది అని, ఆ బిల్డింగుకి లిఫ్ట్ లేదని, కింద ఒక గది అమ్మకానికి ఉందని చెప్పాడు. లిఫ్ట్ లేదన్న చోట ఆమె కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, నవ్వి నవ్వి. షేర్లు అమ్మి గది కొనుక్కోనా, ఉంచనా, అని అడిగాడాయన. ఆమె కుర్చీలో వెనక్కి వాలి చెప్పింది: "పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. తాళంచెవి మీ ఆవిడ చేతికివ్వండి. అడిగినా ఇవ్వొద్దని చెప్పండి." "మా ఆవిడ లేదమ్మా," అన్నాడు ఆ గొంతు. "అయితే మరీ మంచిది, తియ్యమని పోరేవాళ్ళుండరు!"

ఎవరన్నారామాట? నేనే. ఈ నోటితోనే.

"...అందుకని ధర సగానికి పడింది కదా, ఇంకొన్ని కొంటే కొన్న ధర సగటు తగ్గుతుందని మా మరిది అంటున్నాడమ్మా," టైలరమ్మ. వెనకాల కుట్టుమిషన్ చప్పుడు, ఆగి ఆగి. "మీ మరిది ఏం చేస్తాడండీ?" "ఏం చెయ్యడు, అదే బాధ." అందరూ నవ్వారు, అద్దం అవతలా ఇవతలా. ఆమె చెప్పింది: చిరిగిన గుడ్డకి అతుకు వేసేముందు అది ఎందుకు చిరిగిందో చూస్తారా లేదా? కుట్టు ఊడితే సరే, గుడ్డే మురిగిపోతే ఎన్ని అతుకులేసినా దండగ. ధర ఎందుకు పడిందో ముందు తెలుసుకోండి. "అమ్మో, భలే చెప్పారు తాళంచెవి మేడమ్," అంది టైలరమ్మ. ఆ పేరు బల్ల మీద పడ్డ గుండుసూది చప్పుడులా చిన్నగా వినిపించి ఆమె వెన్నులోకి పోయింది.

ఆ పేరు పెట్టింది జనం. జనానికి అందించింది ప్రకటన. ఆ రోజు కార్యక్రమం అయ్యాక చిలక పరిగెత్తుకొచ్చాడు. "సారీ అక్కా, లైను ఎంతకీ కలవలేదు, నేనసలు మాట్లాడనే లేదు. ఎవరక్కా అతను, నాకంటే బాగా చేశాడు!" ఆమెకి కాళ్ళ కింద నేల ఒక అంతస్తు దిగినట్టైంది. ప్రొడ్యూసర్‌కి చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "నిజం మనిషా? ఇంకా మంచిది, అందుకే అంత సహజంగా వచ్చింది," అన్నాడు. స్టేషన్ లాయరు విని, జోకు సలహా కిందికి రాదన్నాడు. కార్యక్రమం ప్రకటన కోసం ఎడిటర్ ఆ ముక్క కత్తిరించాడు: లిఫ్ట్, పైకా కిందికా, తాళం వెయ్యండి, తాళంచెవి మీ ఆవిడ చేతికివ్వండి, మధ్యమధ్య ఆమె నవ్వు. ఆవిడ లేదన్న మాట నిడివి సరిపోక తీసేశారు. పాటకీ పాటకీ మధ్య ఆ నవ్వు మోగింది. రోజూ, ఎన్నో నెలలుగా, నిన్నా ఇవాళా కూడా. కూరగాయల కొట్టువాడు చిల్లర ఇస్తూ ఆ నవ్వు అనుకరిస్తాడు. అద్దె ఇంటాయన అద్దె పెంచేటప్పుడు ఆ జోకు వేస్తాడు. బాగుండేది. బాగుండేదన్న సంగతి ఎందుకు దాచుకోవాలి, దారిన పోయేవాళ్ళు ఆగి మీరేనా అని అడగడం బాగుండేది. ఆ లిఫ్ట్ మనిషి నంబరు కాల్స్ తీసుకునే అమ్మాయి తెర మీద ఆ వారమంతా ఉంది. రేపు చేద్దాం, ఈ ప్రోగ్రాం అయ్యాక చేద్దాం. ఏమని చెప్పాలి? నేను మిమ్మల్ని మనిషనుకోలేదు, సగం అమ్మి కింది గది కొనుక్కోండి. రెండో ముక్క తేలికే. మొదటి ముక్కే గొంతు దాటలేదు.

మాస్టారు మొదలుపెట్టారు. పాఠం చెప్పినట్టు నెమ్మదిగా, రోజుకి పదిసార్లు ధర చూసుకుంటున్నాననీ, క్లాసులో బోర్డు వైపు తిరిగి, ఫోన్‌లో ధర పడి ఎర్రగా ఉందో పెరిగి పచ్చగా ఉందో చూస్తున్నాననీ. "పిల్లలు కనిపెట్టేశారు మేడమ్, 'సార్, ఇవాళ ఎరుపా ఆకుపచ్చా' అని అడుగుతున్నారు." ప్రొడ్యూసర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. చూడకండి మాస్టారూ, అంది ఆమె. రోజూ చూసేది ధర, అప్పుడప్పుడు చూడాల్సింది కంపెనీ. మూడు నెలలకోసారి వాళ్ళేం సంపాదించారో, ఎంత అప్పు చేశారో, లెక్కలు చూసేవాళ్ళు అలాగే ఉన్నారా మానేసి వెళ్ళిపోయారా... నీళ్ళు తాగింది.

మానేసి వెళ్ళిపోయారు. పైపుల కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్లు ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. పేపర్లో లోపలి పేజీలో నాలుగు వరుసల వార్త. ఆమె దాన్ని వంటింట్లో నిలబడి చదివింది, గ్యాస్ కట్టేసింది, గదిలోకి వెళ్ళి అమ్మ పేరు మీదున్న ఆ కంపెనీ షేర్లన్నీ అమ్మేసింది. అవును, తమ ఇంట్లో కూడా ఉన్నాయి. మంచి కంపెనీ అనుకునే కొంది. అమ్మ బ్రోకర్ నుంచి వచ్చిన మెసేజ్ కళ్ళజోడు పైకి తోసుకుని చదువుకుని, "పెట్టెలో పెట్టి తాళం వెయ్యమంటావు కదే రేడియోలో? ఊరందరికీ ఒకటి చెప్పి ఇంట్లో ఒకటి చేస్తావేంటి?" అంది. "అది వేరమ్మా." "ఏం వేరు?" అమ్మ ఊరికే అడిగింది. ఉల్లిపాయలు తరుగుతూ, జవాబు కూడా వినకుండా. అదే సమయానికి హాల్లో రేడియో మోగింది. అమ్మ ఎప్పుడూ ఆ స్టేషనే పెడుతుంది, కూతురి గొంతని. తన నవ్వు హాల్లోంచి వంటింట్లోకి వచ్చింది. ఆ వారమే ప్రొడ్యూసర్‌తో చెప్పి ఉండొచ్చు, ఆ ప్రకటన ఆపెయ్యండి అని. అతని గది తలుపు దాకా వెళ్ళింది. అతను ఫోన్‌లో ఎవరితోనో ఆమె గురించే చెబుతున్నాడు, తాళంచెవి మేడమ్‌కి సొంతంగా ఇంకో కార్యక్రమం, టీవీలో, మాట్లాడుతున్నాం. ఆమె తలుపు కొట్టకుండా వెనక్కొచ్చింది. ఆ తర్వాత ధర పడింది. కొద్దికొద్దిగా కాదు, మెట్లు మెట్లుగా కూడా కాదు, తాడు తెగినట్టు పడింది. అమ్మేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు లేరు.

ఇప్పుడు ఇంకో పెద్ద కంపెనీ ఆ పైపుల కంపెనీని మింగుతోంది. పాత వాటాదార్లకి ఒక రేటు ఇస్తామంది. కొన్న ధరలో పావు వంతుకి కాస్త అటూ ఇటూ. ఇవాళ మార్కెట్ మూసే దాకానే. ఇవాళ షేర్లు ఇవ్వనివాళ్ళ చేతిలో రేపటి నుంచి ఉండేది కాగితమే, దాన్నెవరూ అడగరు. ఈ సంగతి ఆమెకి వారం నుంచి తెలుసు. వారం నుంచి ఆమె నిద్రలో లిఫ్ట్ తలుపులు తెరుచుకుంటున్నాయి, లోపల ఎవరూ ఉండరు. ఆ మనిషి ఎందుకు ఫోన్ చేశాడు? తిట్టడానికైతే ఎంత బాగుండు. తిట్టనీ. ఊరంతా వింటుండగా, నీ నవ్వు పాడుగాను, నన్ను ముంచేశావే అననీ. తల వంచుకుని వింటుంది. తిట్లకి జవాబు చెప్పనక్కర్లేదు.

బ్రేక్. ఎర్రదీపం ఆరింది. ప్రకటనలు పాటల కంటే గట్టిగా మోగేలా పెడతారు, హెడ్‌ఫోన్స్ తీసినా వినపడుతుంటాయి, సబ్బు, స్కూటర్, ఆపైన అదే నవ్వు. ఆమె అద్దం మీద అంటించిన కాగితం వైపు చూసింది. లాయరు రాయించినది. కంపెనీ పేరు చెప్పరాదు. కొనండి అనరాదు. అమ్మండి అనరాదు. ఇన్నాళ్ళూ ఆ కాగితం ఎంత చల్లటి నీడ! ఎవరేమడిగినా దాని కిందికి వెళ్ళి నిలబడొచ్చు: మీ అవసరాన్ని బట్టి, మీ వయసుని బట్టి, నిపుణులని సంప్రదించి. "ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది?" ప్రొడ్యూసర్. "ఏం లేదు." "ఆఖరి కాల్ సరదాగా కానివ్వు. ఆ జోకు ఒకసారి మళ్ళీ వెయ్యి, కొత్త ప్రకటనకి పనికొస్తుంది. ఆయన్ని కూడా నవ్వించు." ఆ పెద్దాయన లైన్లో ఉండగానే అంటున్నాడీ మాట. ఆయనకి వినపడదులే, ఇది వేరే తీగ. అన్నీ వేరే వేరే తీగలు ఇక్కడ.

దీపం వెలిగింది. మధ్యలో ఎవరో అల్లుడు, మామగారి షేర్లు ఎప్పుడు అమ్మాలో అడిగాడు. మామగారి షేర్ల సంగతి మామగారినే అడగనివ్వండి అంది. అది మంచి జవాబో కాదో తెలీదు, ప్రొడ్యూసర్ నవ్వాడు కాబట్టి మంచిదే అయ్యుంటుంది. ఎప్పుడు అమ్మాలి, అందరూ ఆఖరికి అడిగేది అదే. కొనడం ఎవరికైనా చేతనవుతుంది, అది ఆశ పని. అమ్మడానికి ఎవరో ఒకరు పక్కన నిలబడి పర్లేదు అని చెప్పాలి. ఆ ఒక్క మాట కోసమే ఇంతమంది ఫోన్ చేస్తారు. దానికోసమే ఈ కుర్చీ ఉంది. "ఇప్పుడు మనందరికీ తెలిసిన ఒక గొంతు," అంటోంది ఆమె గొంతు.

"నమస్కారమమ్మా." వణుకు అలాగే ఉంది. ఎవరూ నేర్చుకుని పలకలేని వణుకు. అప్పుడెందుకు వినపడలేదు? "బాగున్నారామ్మా? మీ నవ్వు రోజూ వింటుంటా." బాగున్నానండి, మీరెలా ఉన్నారు, మోకాళ్ళెలా ఉన్నాయి. "గుర్తుందే! అవలాగే ఉన్నాయి. కింది గది ఎవరో కొనేసుకున్నారులే, మిషన్ పెట్టుకున్నారు, పిండి ఆడతారు. పోనీలెండి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అది కాదమ్మా. ఆ పైపులవాళ్ళ షేరు పడిపోయిందట. మా పక్కింటాయన అమ్మెయ్యి అమ్మెయ్యి అని మొదట్లోనే నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నేను వినలేదు. ఆ రోజు కూడా రేడియో పెట్టా, మీరు నవ్వుతూనే ఉన్నారు. తాళం వెయ్యమని మళ్ళీ చెప్పారు. మర్నాడూ చెప్పారు. మేడమే నవ్వుతూ చెప్తుంటే నాకెందుకు భయం అని ఆయన మీదే కసిరా."

ప్రొడ్యూసర్ చేతులు రెండూ గాల్లో తిప్పుతున్నాడు, నవ్వు, నవ్వు. ఫోన్‌లో ఉన్నాయన ఆ ప్రకటనని ప్రకటన అనుకోలేదు. రోజూ ఆమె కొత్తగా వచ్చి తనకే చెబుతోందనుకున్నాడు. ఆడిటర్లు వెళ్ళిన రోజు చెప్పింది. అమ్మ పేరు మీది షేర్లు తను అమ్మేసిన రోజు చెప్పింది, వంటింట్లో నిలబడి తన నవ్వు తనే విన్న నిమిషంలో, ఆయన తన నాలుగో అంతస్తు గదిలో అదే నవ్వు విని తల ఊపి ఉంటాడు.

"మరిప్పుడు ఏదో కాగితం వచ్చిందమ్మా, ఇవాళే ఆఖరట. మీరు వెయ్యమన్న తాళం కదా, మీకు చెప్పకుండా తియ్యడమెందుకని చేశాను. తియ్యమంటారా?"

అద్దం మీద కాగితం. దాని వెనక ప్రొడ్యూసర్ మొహం. మీ అవసరాన్ని బట్టి. నిపుణులని సంప్రదించి. "తియ్యండి," అంది. "ఇవాళే. ఫోన్ పెట్టగానే మీ బ్రోకర్‌కి చెయ్యండి, ఆ రేటుకి ఇచ్చెయ్యమని చెప్పండి. పైపుల కంపెనీ షేర్లు అమ్మెయ్యండి. ఆఫీసువాళ్ళు రేపు చూద్దామంటే ఊరుకోకండి. అమ్మెయ్యండి." ప్రొడ్యూసర్ చెయ్యి మీట మీద పడింది. ట్యూన్ వచ్చింది, ఎర్రదీపం ఆరింది, కార్యక్రమం ఇంకా నిమిషం ఉండగానే అయిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో ప్రొడ్యూసర్ ఏదో అరుస్తున్నాడు, లాయరు అనీ, ఎవరి ఉద్యోగాలనీ. ఆమె ఆ తీగ పీకేసింది. మూడో లైను దీపం ఇంకా వెలుగుతోంది. ఇప్పుడు ఊరెవరూ వినడం లేదు. పెట్టేసినా ఆయనేం అనుకోడు, సమయమైపోయిందనుకుంటాడు, మంచి మనిషనుకుంటూనే ఉంటాడు.

ఆమె బల్ల మీది ఫోన్ ఎత్తి మూడో లైను నొక్కింది. "లైన్లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా. రాసుకుంటున్నా. ఇవాళే అన్నారు, బ్రోకర్ అన్నారు."

"అవును. అదొక్కటి చెయ్యండి." ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "ఆ రోజు... మీరు మొదటిసారి చేసిన రోజు, నేను మిమ్మల్ని నిజం మనిషి అనుకోలేదు."

"మరెవరనుకున్నారమ్మా?" అన్నాడు. కోపం లేదు. అర్థంకానివాడు అడిగినట్టు అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు ఆయన గదిలో మూల నుంచి, సౌండ్ తగ్గించి ఉంచిన రేడియోలోంచి సబ్బు వచ్చింది, స్కూటర్ వచ్చింది, ఆ తర్వాత సన్నగా, దూరంగా, స్పష్టంగా ఆమె నవ్వు మొదలైంది.

"ఉండండమ్మా, సరిగ్గా వినపడటం లేదు," అన్నాడాయన. "అది కట్టేసి వస్తా." ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు. నవ్వు సాగుతూనే ఉంది, ఆవిడ చేతికివ్వండి అంటోంది, అడిగినా ఇవ్వొద్దంటోంది. అది అంత పొడుగుందని ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. అద్దం మీద ప్రొడ్యూసర్ అరచేత్తో కొడుతున్నాడు. ఆమె అటు తిరగలేదు. మీట టక్కుమంది, నవ్వు ఆగింది. అడుగులు వెనక్కి వచ్చాయి, అంతే నెమ్మదిగా.

"ఆఁ," అన్నాడాయన. "ఇప్పుడు చెప్పండమ్మా."